ప్రయోగంలో గెలిచిన ఆలోచన జీవోగా మారాక ఎందుకు ఓడిపోతుంది?

చాక్‌పీసు:

నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ)ని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక విద్యా ప్రయోగం గురించి ఈ మధ్య చదివాను. అయిదు జిల్లాలు, 500 బడులు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు తోడున్నాయి. బడులను లాటరీ వేసి విడదీశారు. కొన్నింటిలో పిల్లల మార్కులు పెరిగిన మేరకు టీచర్లకు బోనస్, కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు, కొన్నింటికి నగదు గ్రాంటు, మిగిలిన వాటికి ఏమీ లేదు.

బోనస్ సగటున ఏడాది జీతంలో 3 శాతమే. అయినా రెండేళ్లకు ఆ బడుల పిల్లలు మిగతావారికంటే గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు (పిల్లల మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ముందున్నారు. విద్యా పరిశోధనలో ఇది చిన్న అంకె కాదని చెబుతున్నారు.

ప్రపంచంలో ఎక్కడెక్కడో ఈ ఫలితాన్ని ఉదహరిస్తున్నారు. మా మండలంలో మాత్రం ఈ ప్రయోగం జరిగిందని తెలిసిన టీచరు ఒక్కరూ కనిపించలేదు. నేను బోనస్ కోసం అడగడం లేదు (అడిగినా ఇవ్వరు). ఇంత కష్టపడి, ఇంత డబ్బు పెట్టి తేల్చిన విషయం మన గడ్డ మీదే విధానం ఎందుకు కాలేదన్నది నా ప్రశ్న. తెలిసినవారు చెప్పండి.

మధ్యగతం:

చాక్‌పీసు గారూ, నేను ఈ రంగంలోనే పరిశోధక విద్యార్థిని. మీరు గ్రాంటు సంగతి ఒక్క మాటతో దాటేశారు, నాకైతే అదే ఆసక్తికరం. గ్రాంటు ఇచ్చిన మొదటి ఏడాది ఆ బడుల పిల్లలు ముందంజలో ఉన్నారు. రెండో ఏడాది తేడా లేదు. కారణం తల్లిదండ్రులు. బడిలో నోటుపుస్తకాలు, పెన్సిళ్లు ఇస్తారని తెలిశాక ఇంట్లో ఆ ఖర్చు తగ్గించుకున్నారు. వాళ్లు చేసినదాంట్లో తప్పు లేదు. కానీ ప్రయోగం ఒక్క ఏడాదితో ఆగి ఉంటే గ్రాంటు పనిచేస్తుందని రాసి ముగించేవారు. ఎన్నో ప్రయోగాలు ఒక్క ఏడాదితోనే ఆగుతాయి.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేది కెన్యా. కాంట్రాక్టు టీచర్ల వల్ల పిల్లల చదువు మెరుగుపడిందని పశ్చిమ కెన్యాలో ఎస్తర్ డ్యూఫ్లో, పాస్కలీన్ డూపా, మైఖేల్ క్రెమర్ చూపించారు. దేశమంతటా అదే చేద్దామని ప్రభుత్వం ముందుకు వచ్చింది. అప్పుడు టెస్సా బోల్డ్, జస్టిన్ శాండెఫర్ తదితరులు 192 బడుల్లో ఒక చక్కటి పరీక్ష పెట్టారు. కొన్ని బడుల్లో ఆ టీచర్ల బాధ్యత వరల్డ్ విజన్ అనే సంస్థకు, మరికొన్నింటిలో విద్యాశాఖకు అప్పగించారు. ఎవరికి ఏ బడి అన్నదీ లాటరీయే. సంస్థ చూసుకున్న చోట మార్కులు పెరిగాయి. శాఖ చూసుకున్న చోట పెరుగుదల సున్నా. శాఖ కింద జీతాలు ఆలస్యమయ్యాయి, పర్యవేక్షణ పలచబడింది. ఈ లోపు ఉపాధ్యాయ సంఘం రంగంలోకి దిగింది. తమను ఎలాగూ పర్మినెంటు చేస్తారన్న నమ్మకం కాంట్రాక్టు టీచర్లలో బలపడింది.

ఇంతకీ మొదటి పరిశోధన అబద్ధం కాదు. అది కొలిచినది కాంట్రాక్టు టీచరును ఒక్కడినే కాదు, అతని వెనక నిలబడిన సంస్థను కూడా. దాన్ని ఉదహరించేవారికి మాత్రం టీచరే కనిపిస్తాడు.

సూటిగా:

ఇంత వ్యాసం ఎందుకు? రాజకీయం. ఓట్లు రాని పని ఎవరూ చేయరు. చర్చ ముగిసింది.

ఫైలు నంబరు:

సూటిగా గారూ, రాజకీయం అనేస్తే మా ఉద్యోగులకు ఎంత హాయో! నేను ఒక జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటును. శాఖ పేరు చెప్పను. నేను చూసినంతలో మంచి పథకాన్ని ఎవరూ అడ్డుకోరు. అందరూ అమలు చేస్తారు, నూటికి నూరు శాతం పూర్తయిందని నివేదిక పంపుతారు. అది చచ్చేది అక్కడే.

మధ్యప్రదేశ్ సంగతి వినండి. లాటరీతో ఎంచిన 1,774 బడుల్లో నిర్వహణ మెరుగుపరిచే కార్యక్రమం ఒకటి పెట్టారు. ప్రతి బడికీ సమగ్ర మూల్యాంకనం, రేటింగు, ఆ బడి లోపాలకు తగిన అభివృద్ధి ప్రణాళిక. చెప్పుకోవడానికి ఎంత బాగుంది! మూల్యాంకనాలు దాదాపు అన్నిచోట్లా పూర్తయ్యాయి. రేటింగులు కూడా కాకిలెక్కలు కావు, బడి అసలు స్థితికి దగ్గరగానే ఉన్నాయి. మురళీధరన్, అభిజీత్ సింగ్ వెళ్లి కొలిస్తే బడి నడిచే తీరులో మార్పు లేదు, పిల్లల చదువులో మార్పు లేదు.

మీరంతా మంచి ఫలితాలు వచ్చినా విధానం కాలేదని బాధపడుతున్నారు. ఇది తిరగేసిన కథ. ఫలితమే లేని ఈ కార్యక్రమం మంచి పేరు తెచ్చుకుని దేశంలో 6 లక్షలకు పైగా బడులకు పాకింది. శాలా సిద్ధి అంటే ఇక్కడి టీచర్లలో కొందరికైనా గుర్తు రావాలి. విస్తరించాక మధ్యప్రదేశ్‌లో మళ్లీ కొలిచారు, మళ్లీ సున్నా. కింది స్థాయి అధికారులను కూర్చోబెట్టి అడిగితే తేలిందేమిటంటే, పెరిగింది కాగితాల పని.

ఎందుకిలా జరుగుతుందో లోపలి మనిషిగా చెబుతాను. రాష్ట్ర కార్యాలయంలో కూర్చున్న అధికారికి మీ తరగతి గది కనిపించదు, తెర మీద శాతం కనిపిస్తుంది. నెలవారీ వీడియో సమావేశంలో 62 శాతం చూపించిన జిల్లాకు చీవాట్లు, 98 చూపించిన జిల్లాకు ప్రశంస. ఆ 98 దేనిలో అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. ఫారాలు నింపడంలో 98 సాధించడం సులువు, పిల్లాడికి భాగహారం నేర్పడంలో కష్టం. కాబట్టి పథకం ఏదైనా సరే, పై నుంచి కిందికి వచ్చేలోగా ఫారాలు నింపే పనిగా మారుతుంది. ఇందులో చెడ్డవాళ్లెవరూ లేరండీ. నేనూ ఆ ఫారాలు పంపినవాడినే.

పైరగాలి:

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. బడుల గురించి నాకు తెలియదు, వరి గురించి తెలుసు. శ్రీ వరి పేరు విన్నారు కదా.

మడగాస్కర్‌లో లోలానియే అనే ఫ్రెంచి ఫాదరు రైతులతో కలిసి రూపొందించిన పద్ధతి అది. 8 నుంచి 12 రోజుల లేత నారు, కుదురుకు ఒకే మొక్క, అటూ ఇటూ 25 సెంటీమీటర్ల ఎడం. నీరు నిల్వగట్టకుండా తడిపి ఆరబెట్టడం. కలుపు పీకకుండా వీడర్‌తో మట్టిలోకే తొక్కించడం. విత్తనం ఎకరాకు 2 కిలోలు చాలు. మామూలుగా అయితే 20 కిలోల పైమాటే. మన దగ్గర 2003 ఖరీఫ్‌లో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు రైతుల పొలాల్లోనే ప్రదర్శనలు పెట్టారు. ఆ చేలు చూడటానికి జనం బళ్లు కట్టుకుని వచ్చారంటే నమ్మండి. ఒక్కో దుబ్బుకు పిలకలు చూసి ముసలి రైతులే నోరు వెళ్లబెట్టారు. తరువాత రాయితీలు, వీడర్ల పంపిణీ, శిక్షణలు, లక్ష్యాలు వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటింది. మీ ఊరి ఆయకట్టులో ఎన్ని ఎకరాలు శ్రీ పద్ధతిలో ఉన్నాయో మీరే చూసుకోండి.

రైతుకు తెలియక కాదు. నాట్లు గుత్తకు ఇస్తారు. ఎకరాకు ఇంత అని మాట్లాడుకున్న ముఠా ఎంత తొందరగా ముగిస్తే అంత లాభం. గీతలు గీసి, వేరు మడత పడకుండా, చిటికెన వేలంత మొక్కను ఒక్కొక్కటిగా పెట్టమంటే వాళ్లు దండం పెట్టి పక్క చేనుకు పోతారు. ఇప్పుడు తెలంగాణలో చాలాచోట్ల బెంగాల్, బిహార్ నుంచి నాటు ముఠాలు వస్తున్నాయి, వాళ్లకైతే అసలు చెప్పలేం. ఇక నీరు. కాలువ కింద రైతుకు తడిపి ఆరబెట్టే అధికారం ఎక్కడిది? వదిలినప్పుడు పారుతుంది, కట్టేసినప్పుడు ఎండుతుంది. బోరు కింద రైతుకు 2004 నుంచి కరెంటు ఉచితం. నీరు ఆదా చేసినందుకు అతని జేబులో రూపాయి మిగలదు, పైగా కలుపు ఎక్కువవుతుంది. నల్లరేగడి బురదలో కోనో వీడర్ తోయడం ఎలా ఉంటుందో, దాన్ని సిఫారసు చేసినవారిలో ఎంతమంది తోసి చూశారో నాకు అనుమానమే.

ప్రదర్శన క్షేత్రంలో ఈ చిక్కులేవీ రావు. అక్కడ గట్టు మీద నేనుంటాను, శాస్త్రవేత్త ఉంటాడు, కూలీ డబ్బు శాఖ ఇస్తుంది, నీరు కాలువ చూసే ఇంజినీరు (ఏఈ) గారితో మాట్లాడి తెప్పిస్తాం. దిగుబడి వస్తుంది. ఆ దిగుబడి ఒంటి మొక్కదా, మాదా?

అదే రైతు కూలీ ఖర్చు భరించలేక వెదజల్లే పద్ధతికి, నాట్లు లేకుండా నేరుగా విత్తే డ్రమ్ సీడర్‌కు మారాడు చూడండి. ఎవరూ పెద్దగా బతిమాలలేదు.

మధ్యగతం:

పైరగాలి గారూ, మీ చివరి ప్రశ్నను మా విభాగం గోడ మీద రాయాలనిపించింది. ఒక్క చేర్పు. శ్రీ వరి దిగుబడుల మీద శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. మడగాస్కర్ నుంచి వచ్చిన అద్భుతమైన దిగుబడి లెక్కలను 2004లోనే వరి పరిశోధకులు గట్టిగా ప్రశ్నించారు. కాబట్టి పరిశోధన తేల్చేసింది, రైతు వినలేదు అని కూడా అనలేం.

పైరగాలి:

ఆ గొడవ తెలుసు బాబూ. హెక్టారుకు ఎన్ని టన్నులని వాళ్లు కొట్టుకుంటున్నారు, ఎకరాకు ఎంతమంది కూలీలని రైతు అడుగుతున్నాడు. నేను రైతు పక్షం.

బుధవారం టీకా:

నేను ఆరోగ్య శాఖలో ఏఎన్ఎంగా (ఊళ్లలో పనిచేసే నర్సుగా) చేరి ఇప్పుడు సూపర్‌వైజరుగా ఉన్నాను. మధ్యగతం గారు కెన్యా చెప్పారు, మనకు రాజస్థాన్ చాలు.

ఉదయ్‌పూర్ దగ్గర సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ఏకోపాధ్యాయ కేంద్రాల్లో టీచరు పొద్దున ఒకసారి, బడి వదిలేటప్పుడు ఒకసారి పిల్లలతో ఫొటో దిగాలి. కెమెరాలో తేదీ, సమయం మార్చడానికి వీల్లేదు. ఎన్ని రోజులు వస్తే అంత జీతం. గైర్హాజరు 42 శాతం నుంచి 21కి పడిపోయింది. బాగుంది కదా అని అదే జిల్లాలో ప్రభుత్వ ఉప కేంద్రాల నర్సుల మీద ప్రయోగించారు. హాజరు నమోదు చేసే యంత్రం, రాకపోతే జీతం కోత. అభిజిత్ బెనర్జీ, డ్యూఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్ చేసిన అధ్యయనం అది. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. పదహారు నెలలయ్యేసరికి యంత్రం ఉన్న చోటికీ లేని చోటికీ తేడా లేదు. యంత్రాలు చెడగొట్టడం ఒక పద్ధతి. అంతకంటే పెద్దది, శాఖే మినహాయింపు రోజులు మంజూరు చేస్తూ పోవడం.

ఈ కథ చెప్పినప్పుడల్లా నర్సులు ఎగవేశారు, అధికారులు కుమ్మక్కయ్యారు అని నవ్వుకుంటారు. కొంత నిజమే, కాదనను. కానీ మా వైపు నుంచి కూడా చూడండి. సెక్టారు మీటింగుకు పోతే ఉప కేంద్రంలో లేనట్టే. హైరిస్కు గర్భిణిని ఆసుపత్రికి తీసుకుపోతే లేనట్టే. సర్వే డ్యూటీకి, శిబిరానికి, రికార్డులు అప్పగించడానికి పోతే లేనట్టే. మమ్మల్ని కేంద్రంలో లేకుండా చేసేదే ఆ శాఖ. పని గురించి తెలిసిన పై అధికారి మినహాయింపు ఇవ్వకపోతే అతని మిగతా పనులన్నీ ఆగిపోతాయి. ఆ సంస్థ కేంద్రాల్లో టీచరుకు ఒకటే పని. ఏఎన్ఎంకు ఎన్ని పనులో లెక్కపెట్టి యంత్రం బిగించినవారు లేరు.

ఇంకొకటి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధన వెనక ఉన్న విటమిన్ ఏ పథకం 1970లో దేశమంతటా మొదలైంది. ఆరు నెలలకోసారి పిల్లలకు 2 లక్షల యూనిట్ల డోసు. అదే ఏడాది రక్తహీనతకు ఐరన్ మాత్రల పథకం కూడా వచ్చింది. రెండింటి వెనకా గట్టి శాస్త్రం ఉంది. విటమిన్ ఏ లోపంతో కళ్లు పోవడం ఇప్పుడు అరుదు (దానికి తిండి మెరుగుపడటం, తట్టు టీకా కూడా కారణాలే). రక్తహీనత మాత్రం 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం, అంతకుముందు సర్వేలో ఉన్న 53 కంటే ఎక్కువ. చెంచాతో నోట్లో పోసే మందు నా చేతిలో ఉంటుంది, పోస్తే అయిపోయింది. ఐరన్ మాత్ర నెలల తరబడి ఆమె రోజూ వేసుకోవాలి. వికారం, నల్లటి మలం, బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని అత్తగారి హెచ్చరిక. నా రిజిస్టరులో పంచిన మాత్రలకు గడి ఉంది, మింగిన మాత్రలకు లేదు.

ఫ్రీమాంట్ రాధ:

ఇదంతా మన దేశపు జబ్బు అనుకునేవారి కోసం కాలిఫోర్నియా నుంచి ఒక మాట. టెనెసీ రాష్ట్రంలో 1985 నుంచి నాలుగేళ్లు ఒక పెద్ద ప్రయోగం చేశారు. కిండర్‌గార్టెన్ నుంచి మూడో తరగతి వరకు కొందరు పిల్లలను 13–17 మంది ఉన్న తరగతుల్లో, కొందరిని 22–25 మంది ఉన్నవాటిలో లాటరీతో వేశారు. చిన్న తరగతుల పిల్లలు బాగా చదివారు. 1996లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ అదే తెచ్చింది, తరగతికి 20 మందికి మించకూడదని. ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు.

టెనెసీలో కొద్ది బడులకు కావలసిన టీచర్లు దొరికారు. ఇక్కడ ఒకే వేసవిలో వేలమంది కావలసి వచ్చింది. పూర్తి అర్హతలు లేనివారిని తీసుకున్నారు. గదులు లేక గ్రంథాలయాలను, ఆటల గదులను తరగతులు చేశారు. డబ్బున్న ప్రాంతాల్లో ఖాళీలు రాగానే పేద ప్రాంతాల అనుభవజ్ఞులైన టీచర్లు అటు వెళ్లిపోయారు. తరగతి చిన్నదైంది, చెప్పేవారు కొత్తవారు. అనుకున్న లాభం రాలేదు. ఇందులో సోమరితనం లేదు, అవినీతి లేదు. ఒక ఊళ్లో చేస్తే టీచర్లు దొరికే పని రాష్ట్రమంతా ఒకేసారి చేస్తే టీచర్ల కరువు తెస్తుంది, అంతే.

చాక్‌పీసు:

అందరికీ ధన్యవాదాలు. కానీ చదివే కొద్దీ నీరసం వస్తోంది. పెద్ద స్థాయిలో నిలబడినది ఒక్కటీ లేదా?

మధ్యగతం:

ఉన్నాయి, కానీ ఎంత కాలం పట్టిందో చూడండి. ప్రథమ్ సంస్థ 2001 ప్రాంతంలో ముంబయి, వడోదరల్లో బాలసఖి అనే పద్ధతిని పరీక్షించింది. వెనకబడిన పిల్లలను విడిగా కూర్చోబెట్టి, వాళ్లున్న చోటు నుంచి మొదలుపెట్టడం. పనిచేసింది. ప్రభుత్వ టీచర్లతో చేయిద్దామని బిహార్‌కు వెళ్లారు. 2008 వేసవి శిబిరాల్లో ప్రభుత్వ టీచర్లే చెప్పారు, పిల్లల చదువు మెరుగుపడింది. బడి తెరిచాక అదే శిక్షణ, అదే సామగ్రి ఇచ్చి తరగతుల్లో చేయమంటే ఏమీ జరగలేదు.

ఇది నాకు చాలా ఇష్టమైన ఫలితం. సెలవుల్లో చేయగలిగినవారు జూలైలో ఎందుకు చేయలేకపోయారు? వాళ్లకు చేతకాకపోవడం కారణం కాదని తేలిపోయింది. వేసవిలో సిలబస్ లేదు. బడి తెరవగానే వచ్చి కూర్చుంది. టీచరు ఉద్యోగం అంటే పాఠ్యపుస్తకం పూర్తి చేయడమే, కొత్త పద్ధతి అదనపు బరువు.

అందుకని 2012–13లో హర్యానాలో తీరు మార్చారు. రోజుకు ఒక గంట ప్రభుత్వమే అధికారికంగా కేటాయించింది. ఆ గంటలో మూడు నుంచి అయిదో తరగతి పిల్లలు తరగతితో సంబంధం లేకుండా, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చుంటారు. పర్యవేక్షించే బ్లాకు స్థాయి సిబ్బంది ముందు తామే కొన్ని రోజులు పిల్లలకు చెప్పి చూశారు. హిందీ చదవడంలో మెరుగుదల కనిపించింది. ఉత్తరప్రదేశ్‌లో పర్యవేక్షణ వ్యవస్థ అంత బలంగా లేదు కనుక అక్కడ వేరే దారి: ప్రథమ్ మనుషులే బడిలోకి వచ్చి, ఊరి వాలంటీర్ల సాయంతో విడతలు విడతలుగా శిబిరాలు పెట్టారు. ఫలితం చాలా పెద్దది. ఒకే ఆలోచనకు రాష్ట్రాన్ని బట్టి వేరువేరు రూపాలు. మధ్యలో వచ్చిన ఆ బిహార్ వైఫల్యాన్ని దాచేసి ఉంటే మిగతావి లేవు.

చాక్‌పీసు:

ఆ గంట సంగతి నాకు చప్పున అర్థమైంది. మాకూ ఎన్నో శిక్షణలు ఇచ్చారు, కొన్ని నిజంగా బాగుంటాయి. వచ్చాక మూడో తరగతిలో అక్షరాలు రాని పిల్లలతో అక్షరాలు మొదలుపెడితే, తనిఖీకి వచ్చినవారు అడిగేది మాత్రం ఏ పాఠంలో ఉన్నారనే. కొత్త పద్ధతి చేయమని చెప్పినవారూ, పాఠం వెనకబడిందని అడిగినవారూ ఒకే కార్యాలయం వారు. రెండో మాటకే నేను సంజాయిషీ రాయాలి. అప్పుడు నేను ఏది చేస్తాను?

బుధవారం టీకా:

నిలబడినవాటిలో నాది ఒకటి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి ఉప్పు, బెల్లం, నీళ్లతో విరేచనాల ద్రావణం కలపడం తల్లులకు నేర్పింది. కోటి ఇళ్లు దాటాయి. కార్యకర్తకు తిరిగిన ఇళ్లను బట్టి డబ్బు ఇవ్వలేదు. తరువాత వేరే మనిషి వెళ్లి కొందరు తల్లులను అడుగుతాడు, వాళ్లకు ఎంత గుర్తుందో దాన్ని బట్టి కార్యకర్తకు డబ్బు. ఇందాక నేను లేదన్న గడి వాళ్ల రిజిస్టరులో ఉంది.

సూటిగా:

ఒక్క మాట రాసి వెళ్లిపోయానని అందరూ నా మీద పడ్డారు కనుక విడమరిచి చెబుతాను. ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్ కార్డులతో చెల్లించే విధానాన్ని ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2010 తరువాత నూట యాభైకి పైగా మండలాల్లో లాటరీ వరుసలో ప్రవేశపెట్టింది. దాదాపు 1.9 కోట్ల జనాభా. ఇది చిన్న ప్రయోగం కాదు, చేసిందీ ప్రభుత్వమే. అమలు అరకొరగా జరిగినా డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. లబ్ధిదారుల్లో నూటికి తొంభై మందికి పైగా కొత్త పద్ధతే బాగుందన్నారు.

అయినా దాన్ని ఎత్తేసే దాకా వచ్చింది. ఎందుకంటే పై వరకు వినిపించిన కబుర్లన్నీ చెడ్డవే. కారిపోయే డబ్బు ఆగినవారు తక్కువమందే, కానీ వాళ్లకు నాయకుడి ఇంటి తలుపు తెలుసు. నాలుగు రోజుల ముందు కూలీ అందిన మనిషి కృతజ్ఞత చెప్పడానికి బస్సెక్కి రాజధానికి రాదు. ఆ సర్వే అంకెలు చేతిలో ఉండబట్టే బతికిందంటారు. నేను రాజకీయం అన్నది దీన్ని. ఓట్లు వచ్చే పని కూడా ఓట్లు వస్తున్నట్టు కనిపించాలి.

ఫైలు నంబరు:

ఒప్పుకున్నాం సార్. మొదటిసారే ఇలా రాసి ఉంటే తిట్లు తప్పేవి.

చాక్‌పీసు గారు అడిగిన బోనస్ ప్రశ్నకు ఎవరూ నేరుగా జవాబివ్వలేదు, నేను ప్రయత్నిస్తాను. ఆ ప్రయోగంలో పరీక్షలు పెట్టినది, దిద్దినది బయటి మనుషులు. 500 బడులకు అది సాధ్యం. రాష్ట్రంలోని అన్ని బడులకూ నమ్మదగిన పరీక్ష ఏటా ఎవరు పెడతారు? మా శాఖే పెడితే, ఎవరి బోనస్ ఆ మార్కుల మీద ఆధారపడి ఉందో వాళ్ల సహోద్యోగులే ఇన్విజిలేటర్లు. ఆ మార్కులను ఎవరూ నమ్మరు, నేనూ నమ్మను. రెండోది, జీతాలు సర్వీసు నిబంధనలతో, వేతన సవరణ సంఘం (పీఆర్సీ)తో ముడిపడినవి. ఒకే స్కేలులో ఉన్న ఇద్దరికి వేరువేరు మొత్తం ఇవ్వాలంటే ఆర్థిక శాఖ, సంఘాలు, కోర్టు అన్నీ దాటాలి. మూడోది ఎవరూ బయటికి అనరు: ఆ ప్రయోగం తెలిసిన అధికారి బదిలీ అయ్యాక కొత్తగా వచ్చినవారికి తన పేరుతో కొత్త పథకం కావాలి. పాత ఫలితాన్ని ముందుకు తీసుకుపోతే పేరు పాతవారిదే.

మధ్యగతం:

మీ మూడో కారణానికి అమెరికా నుంచి ఒక లెక్క ఉంది. నగర పాలక సంస్థలు పౌరులకు పంపే ఉత్తరాల్లాంటి వాటిలో చిన్న మార్పులు చేసి చూసిన ప్రయోగాలవి. అక్కడి 30 నగరాల్లో జరిగిన 73 ప్రయోగాలను పరిశీలిస్తే, పరీక్షించిన మార్పును తరువాత నగరం కొనసాగించినవి 27 శాతమే. ఫలితం ఎంత గట్టిదన్నది పెద్దగా లెక్కలోకి రాలేదు. ముందు నుంచీ పంపుతున్న ఉత్తరంలోనే చిన్న మార్పు చేసి ఉంటే అది నిలిచింది, కొత్త ఉత్తరం మొదలుపెట్టి ఉంటే ప్రయోగంతోనే ఆగిపోయింది. పాత పనిలో దూరగలిగినదే బతుకుతుందన్నమాట.

మా వైపు తప్పు కూడా చెప్పాలి. ఇలాంటి చిన్న మార్పుల ప్రభావం పత్రికల్లో అచ్చయిన అధ్యయనాల్లో సగటున 8.7 శాతాంశాలు, ప్రభుత్వ విభాగాలు చేసిన మొత్తం ప్రయోగాలన్నీ కలిపి చూస్తే 1.4. అచ్చులోకి మెరిసినవే వస్తాయి. విధానకర్త చదివేది ఆ మెరిసినవాటినే.

ఫ్రీమాంట్ రాధ:

బంగ్లాదేశ్ రంగ్‌పూర్ ప్రాంతంలో పనుల్లేని కాలంలో వలస వెళ్లడానికి ప్రయాణ ఖర్చు ఇచ్చే పథకం అలాంటిదే కదా? 2008 ప్రయోగంలో బ్రహ్మాండమైన ఫలితం. పెద్ద ఎత్తున చేసి 2017లో మళ్లీ కొలిస్తే వలసలు పెరగనే లేదు. నడిపిన ఎవిడెన్స్ యాక్షన్ సంస్థ ఆ సంగతి తనే బయటపెట్టి 2019లో మూసేసింది. మన దగ్గర ఏ పథకమైనా ఇలా చెప్పి మూశారా?

ఫైలు నంబరు:

మూయరమ్మా. కొత్త పేరు పెడతారు.

అయితే చవకగా చేయగలిగినదీ ఒకటి చూశాను. 2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, కొన్ని మండలాల వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు: మీ రైతులకు ఫోను చేసి చెక్కు అందిందా, ఎప్పుడు అందింది అని అడుగుతాం. అంతే. ఆ మండలాల్లో చెక్కులు కాస్త ఎక్కువమందికి, కాస్త ముందుగా అందాయి. తేడా చిన్నదే, ఖర్చు మరీ చిన్నది. నాకు నచ్చిందేమిటంటే అధికారి పంపిన నివేదికను కాదు, రైతునే అడిగారు.

పైరగాలి:

ఇది పనిచేస్తుంది. ఎవరో రైతును అడుగుతారని తెలిస్తే నేనైనా ఇంకో రెండు ఊళ్లు తిరిగేవాణ్ని. కానీ రెండో ఏడాదీ ఫోను చేయాలి. చేయరని తెలిసిన రోజున మళ్లీ మామూలే.

చాక్‌పీసు:

సరే, నేను చేయగలిగినది నేను చేస్తాను. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశంలో హర్యానా తరహా గంట ఒకటి అడుగుదామనుకుంటున్నాను. మూడు నుంచి అయిదు తరగతులకు, మా కాంప్లెక్స్ బడుల వరకే. మండల విద్యాధికారి (ఎంఈఓ) గారికి ఇచ్చే దరఖాస్తులో ఏం రాయాలో ఫైలు నంబరు గారు సలహా ఇవ్వగలరా?

ఫైలు నంబరు:

పరిశోధనల పేర్లు ఒక్క పేరాకు మించి వద్దు, చదవరు. ఆ గంట ఏ పీరియడు స్థానంలో వస్తుందో రాయండి. తనిఖీకి వచ్చినవారు ఆ గంటలో పాఠ్యపుస్తకం అడగకూడదని ఒక వాక్యం పెట్టి దానికి విడిగా సంతకం తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, దీని కోసం ఇప్పుడు రాస్తున్న రిజిస్టర్లలో ఏది మానేస్తారో పేరుతో సహా రాయండి. రాయకపోతే సంతోషంగా ఒప్పుకుని రెండూ చేయమంటారు.

చాక్‌పీసు:

ఏది మానాలో మా ప్రధానోపాధ్యాయురాలిని అడిగాను. నాలుగు పేర్లు గడగడా చెప్పారు. అందులో రెండు ఎవరికి పంపుతామో ఆవిడకూ తెలియదట.